నాలుగు వందల తలుపులు, ఒకే తాళంచెవి

మానవజాతిని ఉద్ధరించింది ఎవరని ఎవరైనా అడిగితే మహాత్ముల పేర్లు చెప్పకండి. మనల్ని ఉద్ధరించింది ఒక ఇనుప డబ్బా! నలభై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. కిటికీ లేదు, అందం లేదు, నోరు అసలే లేదు. దాని పేరు కంటైనర్.

నవ్వకండి. ముందు మీరు వేసుకున్న చొక్కా వైపు ఒకసారి చూసుకోండి. దాని పత్తి ఒక దేశంలో పండింది. దారం ఇంకో దేశంలో వడికారు. రంగు మరో దేశంలో అద్దారు. గుండీలు ఎక్కడివో గుండీలకే తెలియదు. మీరు పాస్‌పోర్టు కోసం ఫోటో దిగి ఊరుకున్నారు గానీ, మీ చొక్కా ప్రపంచమంతా తిరిగొచ్చింది! ఇస్త్రీ పెట్టేటప్పుడైనా దానికి కాస్త గౌరవం ఇవ్వాలా వద్దా?

పూర్వం ఎంత అనాగరికంగా ఉండేదో! ఓడ వస్తే సరుకంతా బస్తా బస్తా వీపున మోసి దించేవారు. వారం పట్టేది. ఆ వారమంతా రేవు నిండా మనుషులే. కేకలు, పాటలు, పోట్లాటలు. ఇప్పుడు ఒక క్రేను, ఒక లారీ, పూటలో పని పూర్తి. ఆ మనుషులందరూ హాయిగా ఇళ్ళ దగ్గర ఉన్నారు. ఏం తింటున్నారని అడక్కండి. ప్రగతి గురించి మాట్లాడేటప్పుడు తిండి ప్రస్తావన మర్యాద కాదు.

పైగా సమానత్వం! డబ్బాలో బొమ్మలున్నా, మందులున్నా, బూట్లున్నా అదే కొలత, అదే గొళ్ళెం, అదే క్రేను. ఎన్ని ఉద్యమాలు చేసినా మనుషుల్లో రానిది డబ్బాల్లో చప్పుడు లేకుండా వచ్చేసింది.

ఇంకా నమ్మకం కుదరని వారి కోసం ఒక తాళాల మేస్త్రికి జరిగింది చెబుతాడు ఈ వ్యాసకర్త. విన్నాక మీరే ఒప్పుకుంటారు.

మేస్త్రి పనిచేసే తాళాల కార్ఖానా రేవు వెనక సందులో ఉంది. రేకుల కప్పు కింద వరసగా ఆరు గదులు. మొదటి గదిలో కొలిమి. అక్కడ ఇత్తడి కరిగించి అచ్చుల్లో పోసేవారు. రెండో గదిలో తాళం పైనుండే వంకీ వంచేవారు. మూడో గదిలో స్ప్రింగులు చుట్టేవారు. నాలుగో గదిలో తాళం కడుపులో ఉండి, ఏ తాళంచెవికి తెరుచుకోవాలో తేల్చే సన్నటి పిన్నులు కోసేవారు. ఐదో గది మేస్త్రిది. ఆరో గదిలో ప్యాకింగు. మొత్తం ముప్పై మంది.

ప్రతి తాళానికీ దాని తాళంచెవిని కుదర్చడం మేస్త్రి పని. ఆకురాయితో పళ్ళు రాయడం, తాళంలో దూర్చి చెవి దగ్గర పెట్టుకుని తిప్పడం, మళ్ళీ రాయడం. 'కటక్' మని నిండుగా మోగేదాకా వదిలేవాడు కాదు. అక్కడితో అయిపోయిందా? లేదు! బల్ల మీదున్న మిగతా తాళాల చెవులన్నీ తెచ్చి ఒక్కొక్కటే ఈ తాళంలో దూర్చి చూసేవాడు. ఏ ఒక్కటి తిరిగినా పని మళ్ళీ మొదటికి.

"ఆడపిల్లకి సంబంధం చూసేటప్పుడు కూడా ఇన్నిసార్లు తిప్పి చూడరు" అనేది మేస్త్రి ఇంటావిడ.

ఎంత వృథా శ్రమ! అదృష్టం కొద్దీ డబ్బా వచ్చింది.

మొదట, పోతపోసిన ఇత్తడి దిమ్మలు డబ్బాలో దిగాయి. ఇక్కడ చేసేదానికన్నా చవక. కొలిమి ఆరిపోయింది. ఇరవై ఏళ్ళు దాని ముందు చెమటోడ్చిన మనిషికి, అందరూ కొలిమాయన అనేవారు, ఇక చల్లగా ఉండే భాగ్యం కలిగింది. తర్వాత వంకీలు వచ్చాయి, రెండో గది మూతపడింది. తర్వాత స్ప్రింగులు వచ్చాయి. మూడో గదిలో అందరికీ తలలో నాలుకలా ఉండే స్ప్రింగుల వదిన ఇంటిదారి పట్టింది. ఒక్కో డబ్బా దిగినప్పుడల్లా ఒక్కో గది ఖాళీ. ఆఖరికి అన్నీ బిగించిన తాళమే దిగింది. ఐదో గదికీ విముక్తి!

మేస్త్రిని మాత్రం చిన్నసారు పంపించెయ్యలేదు. ఈ చిన్నసారు కార్ఖానా పెట్టిన పెద్దసారుకి మనవడు. పైచదువులు చదివి వచ్చినవాడు, మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. "మీరు లేకపోతే కంపెనీ ఏంటి మేస్త్రిగారూ!" అని ఆయనకి క్వాలిటీ ఎగ్జిక్యూటివ్ అని పదవి ఇచ్చి, ఫోటో ఉన్న కార్డు ఒకటి మెడలో వేశాడు.

పని? డబ్బాలో వచ్చిన తాళం మీద కార్ఖానా గుర్తు, చిరునామా ఉన్న స్టిక్కరు అంటించడం. ముప్పై మంది ఆరు గదుల్లో చేసిన పనిని ఒక్క మనిషి ఒక్క బొటనవేలితో చేస్తున్నాడంటే, ఉత్పాదకత అంటే ఇది కాదూ?

తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. స్టిక్కరు వంకరగా పడితే పీకి మళ్ళీ అంటించేవాడు మేస్త్రి. చెయ్యడానికి అంతకు మించి ఏమీ ఉండేది కాదు.

డబ్బా మీద ఆయనకి కోపమూ లేదు. ఎలా ఉంటుంది? ఒక్కగానొక్క కూతురు రేవు కంట్రోల్ రూములోనే ఉద్యోగం చేస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్క్రీను ముందు కూర్చుని ఏ డబ్బా ఎక్కడుందో చూస్తుంది. తండ్రి చేతిలో పని తీసుకుని డబ్బా కూతురి చేతిలో పెట్టింది. ఇంట్లోంచి బయటికి పోలేదు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఇంతలో రేవు ఉద్యోగులకి కొత్త క్వార్టర్లు కట్టారు. నాలుగు వందల ఇళ్ళు. కూతురికీ అల్లుడికీ అందులో ఒకటి వచ్చింది. అన్ని ఇళ్ళకీ తాళాలు సరఫరా చేసే ఆర్డరు చిన్నసారుకే దక్కింది. మేస్త్రి సంతోషం చెప్పనలవి కాదు. కూతురి గుమ్మానికి వేలాడే తాళం మీద స్టిక్కరు తనే అంటిస్తాడు మరి!

కావలసినవి నాలుగు వందలే. కానీ డబ్బా సగం ఖాళీగా తెప్పించుకోవడం తెలివితక్కువ పని కాబట్టి చిన్నసారు ఎనిమిది వందలు తెప్పించాడు. తాళాలు చేసే ఫ్యాక్టరీ ఒక దేశంలో ఉంది, తాళంచెవులు కోసే ఫ్యాక్టరీ ఇంకో దేశంలో ఉంది. కనుక తాళాలు ఒక డబ్బాలో, చెవులు మరో డబ్బాలో బయల్దేరాయి. ఒకటి నుంచి ఎనిమిది వందల దాకా తాళాల మీద నంబర్లు. చెవుల మీద కూడా అవే నంబర్లు. ఇక్కడికొచ్చాక జత కలపడమే.

తాళాలు వచ్చాయి. దారిలో వంకీలు ఊగి విరిగిపోకుండా అన్నీ బిగించి, తాళం వేసి మరీ పంపారు. చెవులు రాలేదు.

"ఎక్కడుందమ్మా మా డబ్బా?" అన్నాడు మేస్త్రి, భోజనాల దగ్గర.

"కనిపిస్తోంది నాన్నా. ఓడ బరువెక్కువైందని దారిలో ఒక రేవులో దించేశారు."

"దించితే మళ్ళీ ఎక్కించొచ్చుగా?"

"అడుగున పడింది. దాని మీద ఐదు డబ్బాలున్నాయి. అవి కదలాలంటే వాటి ఓడలు రావాలి." కూతురు ఫోను ముందుకు జరిపి చూపించింది. తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. "చూడు, ఎంత స్పష్టంగా ఉందో!"

"పోయిందంటే పోయిందని ఊరుకునేవాళ్ళం" అంది ఇంటావిడ, చారు వడ్డిస్తూ. "ఇదేం బాధే, కళ్ళముందుండి చేతికి రాకపోవడం!"

ఆవిడకి ప్రగతి అర్థం కాలేదు పాపం. పూర్వం వస్తువు ఎక్కడుందో తెలిసేది కాదు. ఇప్పుడు, మన చేతికి రాని వస్తువు సరిగ్గా ఎన్ని అడుగుల లోతున ఇరుక్కుందో తెలుస్తుంది!

మర్నాడు చిన్నసారు ఐదో గదికి వచ్చాడు. క్వార్టర్లు అప్పగించడానికి పదిహేను రోజులే గడువు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేస్త్రిగారూ, మీరు... పూర్వం తాళంచెవులు చేసేవారట కదా?"

చేసేవారట! ముప్పై ఏళ్ళు చేసిన పని పుకారులాగా వినిపించింది. అయినా మేస్త్రి చేతిలో స్టిక్కర్ల కట్ట కింద పెట్టి లేచాడు.

"చేసేవాణ్ణి చిన్నసారూ. ఇప్పుడు కూడా చేస్తాను."

గదిలో మూల, రాసే ముక్కని కదలకుండా పట్టి ఉంచే పాత వైస్ ఇంకా అలాగే ఉంది. నేలకి బిగించిన బరువైన ఇనుము కనుక దాన్ని ఎవరూ పీకలేకపోయారు, దాని మీద మంచినీళ్ళ క్యాను పెట్టుకుంటున్నారు. మేస్త్రి క్యాను దించి, తుప్పు గీకి, నూనె రాశాడు. ఇంటావిడ అటక మీంచి ఆకురాళ్ళ మూట దించి ఇచ్చింది. పళ్ళు కోయని తాళంచెవులు బజారులో కొనుక్కొచ్చాడు.

మొదటి తాళం ఒక పూటంతా పట్టింది. చేతులు పూర్వంలా లేవు. కళ్ళద్దాలు ముక్కు మీంచి జారుతున్నాయి. రాయడం, దూర్చడం, చెవి దగ్గర పెట్టుకుని తిప్పడం. మధ్యాహ్నానికి 'కటక్' మంది.

చిన్నసారు చప్పట్లు కొట్టి, మేస్త్రి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకున్నాడు.

మేస్త్రి రెండో తాళం అందుకున్నాడు. పని మొదలెట్టే ముందు, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, మొదటి తాళంచెవిని ఊరికే అందులో దూర్చి చూశాడు.

తిరిగింది. 'కటక్'!

కాకతాళీయం అనుకున్నాడు. మూడోది తీశాడు. తెరుచుకుంది. పదోది. యాభయ్యోది. అట్టపెట్టె అడుగు నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి. సాయంత్రానికి మేస్త్రి చుట్టూ తాళాలన్నీ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. మధ్యలో ఆయన కూడా అలాగే.

"అద్భుతం!" అన్నాడు చిన్నసారు. "ఎనిమిది వందల రకాలు రాయక్కర్లేదు. ఒక్కదానికి నకళ్ళు తీయిస్తే సరి! మిషను మీద రెండు రోజుల పని!"

"చిన్నసారూ, ఇవి తాళాలు కావు."

"అదేంటండీ, వేస్తే పడుతున్నాయి, తీస్తే వస్తున్నాయి. ఇంకేం కావాలి?"

"పక్కింటి వాళ్ళ చెవికి తెరుచుకోకూడదు బాబూ. తాళం అంటేనే అది."

"మేస్త్రిగారూ, న్యాయంగా చెప్పండి. మీ తాళంచెవి తీసుకెళ్ళి పక్కింటి తలుపుకి పెట్టి ఎప్పుడైనా చూశారా? ఎవరు చూస్తారు?"

 నిజమే, మంచివాళ్ళెవరూ చూడరు. తాళం వేసేది మంచివాళ్ళ కోసం కాదని చెప్పాలనుకుని, పెద్దసారు మనవడితో వాదించడం ఇష్టం లేక, మేస్త్రి తెరుచుకున్న తాళాలు ఒక్కొక్కటే నొక్కి వేయసాగాడు.

అయినా చిన్నసారు మనసులో కూడా ఏదో గుచ్చుకున్నట్టుంది. తాళాల ఫ్యాక్టరీకి మెయిలు పెట్టాడు. మేము బిగించడం వరకే, పిన్నులు చేసేవారిని అడగండి అని జవాబు వచ్చింది. పిన్నులవారిని అడిగితే, మాకిచ్చిన కొలతే కోశాం, కొలత ఇచ్చిన ఏజెంటుని అడగండి అన్నారు. ఏజెంటు, కొలతలు ఎక్కువైతే డబ్బాలో సర్దడం ఆలస్యమవుతుంది కనుక అందరికీ ఒకే కొలత పెట్టడం ఇప్పుడు రివాజు అని, శుభాకాంక్షలతో సెలవు తీసుకున్నాడు. మూడు దేశాలు, మూడు ఉత్తరాలు, ఒక్కరి తప్పూ లేదు! ఇంతమంది నిర్దోషులు కలిసి ఒక వస్తువు తయారు చేయడం చరిత్రలో ఎప్పుడైనా జరిగిందా?

"నాకు పన్నెండు రోజులివ్వండి" అన్నాడు మేస్త్రి. "ఇంటికో తాళం చొప్పున నాలుగు వందలకీ అడుగు మూత పీకి, పిన్నులు మార్చి, దేని చెవి దానికి చేస్తాను."

"ఒక్కరే?"

"నాకు కావలసినవాళ్ళని తెచ్చుకుంటాను."

చిన్నసారు ఫోనులో తేదీ చూసుకుని, "సరే, మీ తృప్తి కోసం" అన్నాడు.

కొలిమాయన రేవు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. మేస్త్రి వెళ్ళి సంగతి చెబితే, "నా కొలిమి వెలిగిస్తావా బావా?" అన్నాడు.

"కొలిమి లేదు. మూతలు పీకి బిగించాలి."

"ఎవడో పోసిన ఇత్తడికి నేను మూతలు పీకాలా?" అని పావుగంట విసుక్కుని, సెలవు చీటీ రాయడానికి కాగితం అడిగాడు. స్ప్రింగుల వదిన ఒక దుకాణంలో గుడ్డలు మడతపెడుతోంది. ఆవిడ ఏమీ అడగలేదు. "నా పట్టకారు ఉందా అన్నయ్యా, పారేశారా?" అంది అంతే.

ఆ పన్నెండు రోజులూ ఐదో గదిలో అట్టపెట్టెలు పక్కకి జరిగాయి. కొలిమాయన మూత పీకేవాడు. వదిన పాత స్ప్రింగు తీసి, పిన్నులు మేస్త్రి చెప్పిన వరసలో వేసి అందించేది. మేస్త్రి చెవి రాసేవాడు. మొదటి రోజు పదకొండే అయ్యాయి. నాలుగో రోజు ఒక్కరోజులోనే ముప్పై దాటాయి. ఒకరి మీద ఒకరు జోకులు, టీ గ్లాసులు, కంట్లో ఇత్తడి పొడి. ఇంటావిడ ముగ్గురికీ క్యారియరు పంపేది. పన్నెండో రోజు మధ్యాహ్నం నాలుగు వందలవ తాళం 'కటక్' మంది.  వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అంది.

అదే సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా! మీ డబ్బా కదిలింది. ఎల్లుండి దిగుతుంది!"

దిగింది. ఎనిమిది వందల తాళంచెవులు, నంబర్ల వారీగా, మెరిసే ప్లాస్టిక్ సంచుల్లో, సీలు వేసి.

తనిఖీకి క్వార్టర్ల ఆఫీసరు వచ్చాడు. ఒకటో నంబరు సీలు చింపి, ఒకటో నంబరు తాళంలో తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. రెండో నంబరూ తిరగలేదు. మేస్త్రి తను చేసిన చెవి అందించాడు. చక్కగా తెరుచుకుంది.

"ఇది దీని తాళంచెవి కాదు కదా" అన్నాడు ఆఫీసరు.

"దీనిదే సార్. తెరుచుకుంది కదా!"

"తెరుచుకోవడం వేరు, దీనిది అవడం వేరు. దీని మీద నంబరేది? సీలేది? సర్టిఫికెట్టేది?"

"సార్, ఆ సీళ్ళలో ఉన్నవన్నీ ఒకటేనండీ. ఏ చెవి పెట్టినా ఆ మిగిలిన తాళాలన్నీ వచ్చేస్తాయి."

ఆఫీసరు మిగిలిన నాలుగు వందల తాళాల్లోంచి ఒకటి తీసి, దాని నంబరు చెవితో తిప్పాడు. తెరుచుకుంది. ఇంకోటి. తెరుచుకుంది. "ఇవి బ్రహ్మాండంగా ఉన్నాయి కదయ్యా!" అన్నాడు. ఆ నాలుగు వందలూ పాసయ్యాయి. మేస్త్రి చేసిన నాలుగు వందలూ, సరఫరా చేసిన తాళంచెవికి తెరుచుకోని కారణంగా, లోపభూయిష్టమని ఎర్ర టేపు వేయించుకుని తుక్కు కిందికి పోవడానికి మూలకి చేరాయి.

మేస్త్రి ఊరుకోలేదు. విషయమంతా కాగితం మీద రాసి రేవు ఆఫీసులో ఇచ్చి, ఫిర్యాదు నంబరు పుచ్చుకుని వచ్చాడు. వారానికి అది విచారణకి వెళ్ళి, పై సంతకాలు చేయించుకుని, తగు చర్య నిమిత్తం తాళాల కంపెనీ క్వాలిటీ ఎగ్జిక్యూటివ్‌కి పంపబడింది. కవరు చింపి చూస్తే లోపల తన చేతిరాతే!

కూతురు క్వార్టరుకి మారే రోజున, ఎర్ర టేపు పీకేసిన తాళం ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. "ఇది పెట్టుకో అమ్మా. ఇది తాళం."

సంగతి విని కూతురు తాళాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"మరి పక్కింటివాళ్ళకో నాన్నా?"

మేస్త్రి పక్కింటి తాళం వైపు చూశాడు. ఆ రోజు అక్కడ భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

రెండు వారాలైంది. ఒక మధ్యాహ్నం క్రేను ఆపరేటరు ఒకాయన డ్యూటీ దిగి, అలసిపోయి, మెట్లెక్కుతూ ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేశాడు. నాలుగు వందల ఇళ్ళకీ అదే తలుపు, అదే రంగు. తాళం తీశాడు, లోపలికెళ్ళాడు. అదే డబ్బాలో వచ్చిన అదే సోఫా. కర్టెన్లు వేరేగా ఉన్నాయి గానీ, ఆవిడ మార్చి ఉంటుందిలే అనుకుని, పొరపాటున కూడా దాని గురించి మాట్లాడకూడదని నిశ్చయించుకుని నిద్రపోయాడు.

ఆ ఇంటి పెద్దావిడ కూరగాయల సంచీతో తిరిగొచ్చేసరికి సోఫాలో గుర్రు వినిపిస్తోంది.

"ఎవరయ్యా నువ్వు?"

ఆయన కళ్ళు నులుముకున్నాడు. "మీరెవరండీ? మా ఇంట్లోకి ఎలా వచ్చారు?"

"మీ ఇల్లా! తాళం ఎలా తీశావు?"

"నా తాళంచెవితోనే!"

ఇద్దరూ గుమ్మం దగ్గరికెళ్ళి తీసి చూశారు. ఆయన చెవికి తెరుచుకుంది. ఆవిడ చెవికీ తెరుచుకుంది. ఎదురింటివాళ్ళు తమది తెచ్చారు. అదీ అంతే. కాసేపట్లో బ్లాకంతా మెట్ల మీదికి చేరి ఒకరి తాళాలు ఒకరు తీసి చూసుకోసాగారు. మొదట అందరూ నవ్వారు. తర్వాత నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పొద్దున్న పనికెళుతూ తాళం రెండుసార్లు లాగి చూసుకునే ఒకావిడ, తన తాళంలో ఎదురింటి చెవి తిప్పి చూసి, "ఇన్నాళ్ళూ తలుపు తీసిపెట్టి వెళుతున్నానా!" అంది.

ఆఫీసరుకి ఫోన్ చేశారు. తాళాలు తనిఖీలో పాసయ్యాయి అన్నాడు. తాళాల ఫ్యాక్టరీ నంబరు వెతికి చేశారు. తీయటి గొంతు ఒకటి తెలియని భాషలో చాలాసేపు మాట్లాడి, సంగీతం పెట్టింది. అరగంట సంగీతం విన్నాక పెద్దావిడ తాళం వెనక్కి తిప్పి చూసింది. స్టిక్కరు. దాని మీద రేవు వెనక సందు చిరునామా.

అరవై మంది దాకా బయల్దేరారు. మేస్త్రి కూతురు కూడా వాళ్ళతోనే ఉంది. కార్ఖానా ముందుకి వచ్చేసరికి చిన్నసారుకి చాలా ముఖ్యమైన మీటింగు గుర్తొచ్చి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. మేస్త్రి బయటికొచ్చాడు.

"ఈ తాళాలు చేసిందెవరు?" అంది పెద్దావిడ.

చెయ్యలేదని చెప్పొచ్చు. మూడు దేశాల పేర్లు చెప్పొచ్చు. ఆఫీసరు సంతకం చూపించొచ్చు. తన ఫిర్యాదు నంబరు కూడా ఉంది. మేస్త్రి ఆవిడ చేతిలో తాళం వైపు చూశాడు.

"స్టిక్కరు నేనే అంటించానమ్మా."

ఇక చూడండి! "సిగ్గుండాలయ్యా! తల నెరిసింది, బుద్ధుండక్కర్లా? ఇది తాళమా, బొమ్మా? ఇంట్లో పడుచు కోడలుంటుంది, పసిపిల్లలుంటారు! ఏ మొహం పెట్టుకుని మెడలో ఆ కార్డు వేసుకుని తిరుగుతున్నావు? క్వాలిటీ అట, క్వాలిటీ!" ఆవిడ ఊపిరి తీసుకునేసరికి క్రేను ఆపరేటరు అందుకున్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు. సందులో ఇళ్ళవాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు.

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తప్పేనమ్మా" అన్నాడు. "తప్పే బాబూ" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెదాల మీద మాత్రం నవ్వు.

కూతురు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏంటి నాన్నా, తిడుతుంటే నవ్వుతున్నావు?"

"తొమ్మిదేళ్ళయింది తల్లీ" అన్నాడు మెల్లగా, "తాళం బాగాలేదని నా దగ్గరికి ఒక మనిషి వచ్చి!"

ఆ తర్వాత ఎర్ర టేపు వేసిన పెట్టెలన్నీ మేస్త్రి వీధిలోకి లాగించాడు. ఎవరి అనుమతీ అడగలేదు. క్రేను ఆపరేటరు రెండేసి పెట్టెలు భుజాన వేసుకున్నాడు. కొలిమాయన గేటు వదిలి వచ్చాడు, వదిన దుకాణంలోంచి వచ్చింది. పొద్దు వాలేలోగా నాలుగు వందల గుమ్మాలకీ తాళాలు మారాయి. పెద్దావిడ తన కొత్త తాళాన్ని పొరుగువాళ్ళ చెవులన్నిటితో పొడిచి పొడిచి చూసి, "ఈ మాత్రం ముందే ఏడవచ్చుగా!" అని, మేస్త్రికి టీ ఇచ్చింది.

మీటింగు ముగించుకుని వచ్చిన చిన్నసారు దీనికి ఆఫ్టర్ సేల్స్ సర్వీసు అని పేరు పెట్టి, క్వార్టర్ల నుంచి తిరిగొచ్చిన నాలుగు వందల తాళాల్నీ అసలు సీళ్ళతో సహా మళ్ళీ డబ్బాకెత్తించి ఇంకో దేశానికి అమ్మేశాడు. కొలిమాయన గేటుకీ, వదిన గుడ్డల మడతలకీ తిరిగి వెళ్ళారు. మేస్త్రి స్టిక్కర్లే అంటిస్తున్నాడు. కాకపోతే ఇప్పుడు ప్రతి తాళంలోనూ పక్క తాళం చెవి పెట్టి చూసి గానీ అంటించడు. తిరిగితే ఆ తాళాన్ని పక్కన పడేస్తాడు. ఉత్పాదకత పడిపోయిందని చిన్నసారు బెంగ పెట్టుకున్నాడు.

కనుక పాఠకులారా, డబ్బా మీద ఈ వ్యాసకర్తకి ఒక్క ఫిర్యాదూ లేదు. ఉన్నా ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. చొక్కా తెచ్చింది, సోఫా తెచ్చింది, తాళం తెచ్చింది, ఆలస్యంగానైనా తాళంచెవీ తెచ్చింది. ప్రపంచంలో ఎక్కడ ఏది చవగ్గా దొరికితే అది మన గుమ్మంలోకి తెస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్కటే చిన్న విన్నపం. ఈసారి వచ్చే ఓడలో, మూలన ఎక్కడైనా కాస్త చోటు మిగిలితే, ఒక మనిషిని కూడా పంపించండి. పెద్ద చదువులు అక్కర్లేదు, మన భాష కూడా రాకపోయినా ఫరవాలేదు.

తిడితే నొచ్చుకునేవాడైతే చాలు.